వెనకగదిలో మొదటి పాఠం

మా అత్తయ్యను వీధిలో అందరూ మిషనత్తయ్య అంటారు. కాలితో తొక్కే కుట్టుమిషను ఆమెది. బడికి పోయే పిల్లల జేబు చిరిగి కనిపిస్తే పిలిచి, అక్కడికక్కడే కుట్టి, తల నిమిరి పంపేది. ఈమధ్య మోకాళ్ళు మొరాయించాయి. ఇక మిషను తొక్కొద్దన్నాడు డాక్టరు. చేతిలో విద్య ఉండి కాళ్ళు సహకరించకపోతే ఎలా ఉంటుందో ఆ రోజుల్లో ఆమె ముఖం చూసినవాళ్ళకు తెలుసు.

అప్పుడు దేవుడు ఒక దారి చూపించాడు. కుట్టుశిక్షణ కేంద్రంవాళ్ళకు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పాఠం చెప్పేవాళ్ళు కావాలట. కేంద్రం నడిపే పెద్దమ్మగారు అత్తయ్యను ఒక పాఠం చెప్పి చూపించమంది. అది నచ్చితే పని ఆమెదే.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే చూస్తే నెట్ లేదు.

కత్తిరింపు బల్ల ఉన్న వెనకగదికి మందపాటి గోడలు. ఫోన్ సిగ్నల్ అక్కడ నిలవదు. అందుకే అత్తయ్య కొడుకు హాల్లోని రౌటర్ నుంచి పొడుగు వైరు లాగి, వెనకగదిలో గోడవారగా ఒక చిన్న పెట్టె పెట్టాడు. వచ్చిన నెట్‌ను కంప్యూటరుకీ టీవీకీ పంచేది ఆ పెట్టే. అతనేమో ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు, అక్కడ ఫోన్ ఎత్తనివ్వరు.

కోడలు రౌటర్ ఆపి మళ్ళీ వేసింది. కంప్యూటరు మీద బొమ్మ కదిలింది, అంతలోనే బిగుసుకుపోయింది.

"వేడెక్కిందేమో, కాసేపు విసరనా?" అన్నాడు మావయ్య. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏది ఆగినా ఇంజను వేడెక్కిందనే ఆయన నమ్మకం.

"ఇది మీ బస్సు కాదు మావయ్యా."

"నీళ్ళు పోస్తానన్లేదు కదమ్మా, విసురుతానన్నాను."

కోడలు నెట్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. మాట్లాడిన అమ్మాయి సంగతంతా విని, "కంగారు పడకండి. నెట్ వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను" అంది. ముఖమైనా తెలియని పిల్ల. ఆ ఒక్కమాటకే అత్తయ్యకు ధైర్యం వచ్చింది.

"ముందు రౌటర్ నుంచి ఇంట్లోకి వెళ్ళే వైరు తీసేసి, కంప్యూటరు ఒక్కటే దానికి తగిలించండి."

మావయ్య కంప్యూటరును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు హాల్లోకి మోసుకొచ్చాడు. తగిలించగానే నెట్ వచ్చింది.

"అయితే మా లైను బాగానే ఉందండీ. లోపం మీ ఇంటి లోపలే."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు మావయ్య.

"ఆయన్నెందుకు కష్టపెట్టడం, మనమే పడదాం" అంది అత్తయ్య.

"పోనీ పాఠం ఈ హాల్లోనే చెప్తే?" అంది కోడలు.

"గుడ్డ పరవడానికి బల్ల కావాలి. ఆ బల్ల గది కట్టేటప్పుడే లోపల పెట్టింది. గుమ్మంలోంచి బయటికి రాదే తల్లీ" అంది అత్తయ్య.

కంప్యూటరు తిరిగి వెనకగదికి చేరింది. సిగ్నల్ అందేలా కోడలు ఫోన్ పట్టుకుని ఆ గది గుమ్మం బయటే నిలబడింది. హాల్లో తీసిన వైరు మళ్ళీ రౌటర్‌కు పెట్టారు. చిన్నపెట్టె నుంచి అన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే పెట్టి చూడమంది ఫోన్లో అమ్మాయి.

"అచ్చం మా పనే" అంది అత్తయ్య. "కుట్టు సరిగా పడకపోతే మేమూ అంతే, దారమంతా తీసి మొదటినుంచి ఎక్కిస్తాం."

ఆమె గోడపక్కన పీట వేయించుకుని కూర్చుంది. పాఠంలో గది అందంగా కనపడాలని ముందురోజు రాత్రి పడుకోబోయే ముందు వైర్లన్నిటినీ గుడ్డపీలికతో జడలా బిగించి కట్టింది. ఏ కొస ఏ వైరుదో ఇప్పుడు తెలియదు. ఒక కొస పెట్టింది. ఇంకొకటి, మరొకటి. నెట్ వచ్చింది. నాలుగోది పెట్టినా ఉంది. ఆఖరిది పెట్టగానే పెట్టె మీది దీపాలన్నీ పూనకం వచ్చినట్టు ఒక్కసారే టపటపలాడాయి. నెట్ పోయింది. తీస్తే వచ్చింది.

అత్తయ్య పీలిక విప్పింది. ఆ ఆఖరి వైరును వేళ్ళ మధ్య పట్టుకుని, చిక్కుదారం తీసేటప్పటిలాగే, లాగకుండా మెల్లగా వెంట వెళ్ళింది. గోడ వెంబడి పోయి, ఒక మెలిక తిరిగి, వైరు మళ్ళీ అదే పెట్టె దగ్గరికి వచ్చింది. రెండు కొసలూ ఒకే పెట్టెలోవి.

అత్తయ్య నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఇది అబ్బాయి నెట్ కోసం తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకునే వైరు. రాత్రి రెండో కొస వేలాడుతుంటే చూడలేక, ఖాళీగా ఉన్న కంతలో నేనే దూర్చాను. ఇంటిదొంగను నేనేనమ్మా."

ఫోన్లో అమ్మాయి నవ్వింది. "పెట్టె పంపిన మాట మళ్ళీ పెట్టెకే వస్తోందండీ. అదే తిరిగి తిరిగి, ఇంకో మాటకు చోటు లేకుండా పోయింది."

"పెళ్ళైన దగ్గర్నుంచీ నాకది అలవాటే" అన్నాడు మావయ్య. అందరికంటే ముందు అత్తయ్యే నవ్వింది.

"చల్లగా ఉండు తల్లీ" అని ఆ పిల్లను దీవించి, అదనపు వైరు తీసి పక్కన పెట్టించింది. మావయ్య ఎవరూ అడగకుండానే వీధిగుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పాఠం మధ్యలో ఎవరూ తలుపు కొట్టకుండా.

పాఠం మొదలైంది. చంక దగ్గర ముడత పడకుండా రవికకు చెయ్యి అతకడం. తెరమీద ఎక్కడెక్కడివాళ్ళో గుడ్డముక్కలు పట్టుకుని కూర్చున్నారు. "కింద నుంచి మొదలుపెట్టకండి. భుజం దగ్గర మొదటి పిన్ను. అక్కణ్ణుంచి అటూ ఇటూ దిగండి. మిగిలిన గుడ్డను తొందరపెట్టకుండా కొద్దికొద్దిగా సర్దండి, అదే కూర్చుంటుంది." ఆమె వేళ్ళు గుడ్డమీద నడుస్తుంటే తెర మీద అన్ని వేళ్ళూ వెంట నడిచాయి. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. కాసేపటికి ఒక అమ్మాయి తన ముక్క పైకెత్తి చూపించింది. నున్నగా, గుండ్రంగా కూర్చుంది చెయ్యి. తర్వాత ఇంకో అమ్మాయి, ఆ తర్వాత మరొకామె.

చివర్లో పెద్దమ్మగారు, "రేపటి నుంచి వచ్చెయ్యండమ్మా" అని, తనే నవ్వేసి, "రావడమెందుకు, ఉన్నచోటే కూర్చోండి" అంది.

గుమ్మంలో కోడలు కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య రెండు చేతులూ జోడించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పాఠం అయిపోయినట్టే. కానీ ఆమె లేవలేదు. తెర మూలన తల వంచుకుని ఇంకా తంటాలు పడుతున్న పిల్ల ఒకతి ఆమె కంటపడింది.

"ముడత పడుతోందా అమ్మా? పర్వాలేదు, దగ్గరికి పట్టుకో, నేను చూస్తాను" అంది మా మిషనత్తయ్య.