గంట వినిపించే చేలు

శనివారం పొద్దున్నే నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సెక్కాను. వెళ్తున్నది మా సుగుణత్తను ఇంటికి తెచ్చుకోవడానికి. వడ్డేపల్లి దగ్గరి ఒక చిన్న పల్లెలో మామయ్య పాస్టరుగా ఉండేవాడు. ఆయన పోయాక చర్చి తలుపు తీసేదీ, గంట కొట్టేదీ, వాక్యం చెప్పేదీ అత్తే. వారం కింద ఫోన్ చేసింది.

"ఆదివారం నలుగురు గూడ వస్తలేరు బిడ్డా. గోడలకు ఎన్ని దినాలని చెప్పాలె? ఈ ఆదివారంతోని తాళమేస్త. నువ్వొచ్చి తీస్కపో."

అత్త గొంతులో అంత నీరసం నేనెన్నడూ వినలేదు.

ఆడవాళ్ళకు బస్సు ఖర్చు లేదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. వనపర్తిలో ఇడ్లీ తిని తొమ్మిదిన్నరకు గద్వాల బస్సు పట్టుకున్నాను. పెబ్బేరు సంత రోజు కావడంతో కాలు పెట్టే చోటు లేదు. నా పక్కన ఎద్దులు కొనడానికి పోతున్న ఒకాయన చెవుల్లో వైర్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏం పాటలన్నా అని అడిగాను.

"పాటలు గావక్కా, బైబిలు. సెల్లుల సదువుతుంటరు, నేనింటుంట."

"మరి చర్చికి పోవా?"

"యాడ తీరుతది? ఈ సంత, ఆ సంత. జర ఆగక్కా, తమ్ముణ్ణి అన్నలు బాయిల ఏసిండ్రు. ఏమైతదో ఇనాలె."

వింటూ వింటూ పెబ్బేరు దాటబోయి, కేక పెట్టి బస్సాపించి దిగాడు. బస్సంతా నవ్వింది. ఎద్దుల బేరం ఏం చేశాడో ఏమో!

బీచుపల్లి వంతెన మీద కృష్ణ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంటే అందరూ కిటికీల వైపు తిరిగారు. గద్వాలలో జొన్నరొట్టె, పుంటికూర తిని అయిజ మీదుగా పోయే బస్సెక్కాను. అటు తర్వాత దారికి రెండువైపులా విత్తనపత్తి చేలే. సాయంత్రం ఆడవాళ్ళు మొగ్గ విప్పి అందులోని పుప్పొడి కాడలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్న మగపువ్వు తెచ్చి ఆ పువ్వుకు రాస్తారు. ఆ పూట తప్పితే పువ్వు పోయినట్టే.

సాయంత్రానికి అత్త ఇల్లు చేరాను. మర్నాడు ఆదివారం తొమ్మిదింటికి అత్త గంట కొట్టింది. ఇద్దరు ముసలమ్మలు వచ్చారు, నాతో ముగ్గురం. అయినా అత్త ఒక్క మాట తగ్గించకుండా వాక్యం చెప్పింది. ప్రార్థన చేసి, తలుపు మూసి తాళం వేసింది. ఆ చప్పుడుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంచి అప్పటికే సర్ది ఉంది.

"సేన్ల ఆడోళ్ళకు ఒక మాట చెప్పొద్దాం పా. చెప్పకుంట పోతె మంచిగుండదు," అంది.

చేను దగ్గరికి రాగానే ఎవరో పెద్దగా చదువుతున్న గొంతు వినబడింది. ఇరవై మంది దాకా వంగి పూలకు పుప్పొడి రాస్తున్నారు. గట్టు మీద ఒకామె నిలబడి బైబిలు చదువుతోంది. తన అత్తగారితో కలిసి పరాయి ఊరు పోయిన ఒక కోడలి కథ. అధ్యాయం అయిపోగానే పుస్తకం ఇంకొకామెకిచ్చి తను సాలులోకి దిగింది. చదివేటామె సాలులో పనిని అటూ ఇటూ సాళ్ళవాళ్ళిద్దరూ పంచుకోవాలని వాళ్ళలో వాళ్ళు కట్టుబాటు చేసుకున్నారట. పుస్తకం నిండా పసుపు పచ్చని వేలిముద్రలు.

అత్త ముఖం ఎర్రబడింది. "గంట ఇనవడలేదా హన్మక్కా?" అని సాలులోకి దిగినామెను అడిగింది.

"ఎందుకు ఇనవడది అమ్మా? గంట కొట్టంగనె సదువుడు మొదలువెట్టినం. పువ్వు ఆదివారమని ఆగుతదా? ఆ సేన్ల, గా అవతలి సేన్ల గూడ నీ గంటతోనే మొదలువెడ్తరు."

అత్త ఆ చేల వైపు తిరిగి చూసింది. ఎటు చూసినా పత్తి, వంగిన వీపులు, గాలికి తెగి తెగి వస్తున్న చదువు.

"నువ్వు ఎన్నడు చర్చికి రాకపోతివి గదనే," అంది అత్త.

"నేను గుడికి పోయేదాన్నే. గని కథ సగంల ఇడువబుద్ధి అయితదా? పోతవంట గద అమ్మా. నువ్వు పోతె గంటెవరు కొట్టాలె? తెల్వని మాట ఎవర్ని అడగాలె?"

అత్త చర్చి గడప ముందు విడిచినట్టే చెప్పులు గట్టు మీద విడిచి, కొంగు నెత్తిన కప్పుకుని, చదివేటామె సాలులోకి దిగింది. "ఎట్ల రాయాలెనే గీ పువ్వుకు?" అని హన్మక్కను అడిగింది.

మధ్యాహ్నం మూడింటి బస్సు ఒక్కదాన్నే ఎక్కాను. అత్త కోసమని పక్క సీటు మీద పరిచిన తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఖాళీ చర్చిని చూసి అంతా అయిపోయిందనుకున్నాను నేను కూడా. చేను దాకా పోకపోతే అదే నమ్ముతూ ఉండేదాన్ని.

బస్సు కదిలేముందు అత్త కిటికీ దగ్గరికొచ్చింది. వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

"మల్ల రా బిడ్డా. నువ్వు ఆదివారమొస్తె మా ఇంటికాడ కూసోకు, గంట కొట్టి సేన్లకు పోత. సీద సేను కాడికే రా."