నన్ను నమ్మి నెత్తురిచ్చిన పిన్నిగారు

జగ్గయ్యపేటలో మా పక్కింటి పిన్నిగారు గత గురువారం ఉదయం గుండెపోటుతో పోయారు. ఫోన్‌లో ఆవిడ చిన్నకూతురు మొదట అన్న మాట, "ఆ జబ్బుతో కాదక్కా." ఆ ఇంట్లో ముందు చెప్పాల్సిన మాట అదే. పిన్నిగారి తల్లి, అక్క, పెద్దకూతురు ముగ్గురూ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు.

వాళ్లది స్టీలు సామాన్ల కొట్టు. మధ్యాహ్నాలు ఆవిడే కూర్చునేవారు. ఏ గిన్నె అమ్మినా వెలుతురులో తిప్పి చూపించి, "సొట్ట ఉంటే ఇక్కడే చెప్పాలి, ఇంటికెళ్లాక కాదు," అనేవారు.

తొంభైల చివర్లో నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ మీద పని. ఒకే కుటుంబంలో పలువురికి జబ్బు వచ్చిన ఇళ్లవాళ్ల నెత్తురు నమూనాలు మా ప్రొఫెసరుకు కావాలి. "ఫలితం రాగానే నువ్వే వెళ్లి వాళ్లకి చెబుదువుగాని," అన్నారాయన. ఆ మాట పట్టుకొచ్చి పిన్నిగారికి చెప్పాను.

"పిల్లలకి పనికొస్తుందంటే ఇంకేం కావాలమ్మాయ్," అని తనూ ఇచ్చి, కూతుళ్లిద్దరి చేతా నెత్తురిప్పించి, నాతో బస్సెక్కారు. నందిగామ, వత్సవాయి, మైలవరం. చుట్టాల ఇళ్లన్నీ తిరిగాం. పిల్లల సంబంధాలకు అడ్డొస్తుందేమోనని ఒకావిడ జంకితే, "ముందు నాది తియ్యి," అంటూ పిన్నిగారు రెండోసారి సూది గుచ్చించుకున్నారు.

తర్వాత నేను ఊరెళ్లినప్పుడల్లా, "మా కబురేమన్నా తెలిసిందా?" అని అడిగేవారు. ప్రొఫెసరును అడిగితే ఇంకా తేలలేదనేవారు. పరీక్షలు చేసేది వేరేవాళ్లు కాబట్టి నాకు తెలిసే దారి లేదు. నమ్మాను. అదే పిన్నిగారికి చెప్పాను. మూడో ఏడాది పెద్దకూతురికి గడ్డ కనిపించింది. అప్పటికే ముదిరిపోయింది.

ఆమె పోయిన కొన్నాళ్లకు ప్రొఫెసరుగారి వ్యాసం అచ్చయింది. అందులో పిన్నిగారి వంశవృక్షం ఉంది. పేర్లు లేవు, కుటుంబానికో నంబరు మాత్రమే ఉంది గానీ ఎవరెవరో నాకు తెలుసు. జన్యులోపం ఉన్నవాళ్లకు నల్లచుక్క పెట్టారు. కూతుళ్లిద్దరికీ చుక్క ఉంది. పరీక్ష నాటికి ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని కింద రాశారు.

"అప్పుడే చెప్పుంటే డాక్టరుకి చూపించుకునేది కదండీ," అన్నాను.

"మనది పరిశోధనమ్మా, ఆస్పత్రి కాదు. ముందే బయటికి పొక్కితే వ్యాసం ఏమయ్యేది? నీ పేరు కూడా వేశాం కదా."

నిజమే. వ్యాసం రాసినవాళ్లలో నాలుగో పేరు నాదే.

ఆ వారమే ఉద్యోగం వదిలేసి, ఆ కాగితం తీసుకుని జగ్గయ్యపేట వెళ్లాను. పిన్నిగారు అంతా విన్నారు. "వాళ్లంతా ఆయన్ని చూసి ఇవ్వలేదమ్మాయ్. నన్ను చూసిచ్చారు. నేను నిన్ను చూసిచ్చా," అన్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే పిలిచారు. "చుక్కలున్నవాళ్లెవరో చెప్పు. పద, ఇళ్లకి పోదాం."

మళ్లీ అవే ఊళ్లు. ఈసారి ప్రతి గుమ్మంలో మాటలు పడింది ఆవిడే. నా వంక వేలు చూపలేదు. అందరినీ బతిమాలి విజయవాడ తీసుకెళ్లి డాక్టరుకు చూపించారు. చిన్నకూతురికి గడ్డ చిన్నగా ఉండగానే తీసేశారు. మా పరిశోధనశాల మొత్తం కలిసి అంత పని చేయలేదు. తర్వాత ఎప్పుడెళ్లినా నాకు అన్నం పెట్టారు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం చావింటి వాకిట్లోంచి ప్రొఫెసరుకు ఫోన్ చేశాను. ఆయనకు తెలియాలనిపించింది. ఆవిడ పోయారన్నాను.

"అయ్యో," అన్నారు. "ఏ కుటుంబం? నంబరు చెప్పు."

నంబరు నాకు కంఠతా వచ్చు. చెప్పలేదు. ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నారు. వత్సవాయి నుంచి వచ్చిన ఆడవాళ్లు వీధి మలుపు తిరిగారు. చెప్పులు బయట విడిచి, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్తున్నారు.