దాపటి ఎద్దు

నా చిన్నప్పుడు బేస్తవారం వస్తుందంటే బుధవారం నుంచే నాకు కడుపునొప్పి మొదలయ్యేది. బడి ఎగ్గొట్టడానికి తెచ్చిపెట్టుకున్న నొప్పి కాదు, నిజంగా నొప్పే. బేస్తవారం మా దిక్కు పశువుల అంగడి. ఆ ఏడు వానలు మొఖం చాటేశాయి. సాయంత్రం అంగడి నుంచి తిరిగొచ్చే మగవాళ్లు మా వాకిట్లో ఆగి, మా బాపుకు ఆ వారం ఎడ్ల ధర ఎంత పలికిందో చెప్పి పోయేవాళ్లు. ప్రతి వారమూ కిందటి వారం కంటే తక్కువే. తొమ్మిదేళ్ల పిల్లను, నాకు ధరల సంగతి ఏం తెలుస్తుంది? అయినా ఆ మాట చెప్పేటప్పుడు పెద్దవాళ్ల గొంతు తగ్గిపోయేది. తలుపు వెనక నిలబడి వినే నాకు ఆ తగ్గిన గొంతుకే భయం వేసేది.

ఇప్పుడు నార్కట్‌పల్లి పోయే తొవ్వలో మా అబ్బాయికి కోళ్ల షెడ్డు ఉంది. రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు కట్టుకున్నాడు. పొద్దున లేస్తూనే, ఇంకా పళ్లయినా తోముకోకుండా, ఫోన్లో గుడ్ల ధర చూసుకుంటాడు. “గీ వారం గూడ పడ్డది” అని వాడు అనుకుంటే చాలు, డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన నాకు కడుపులో సరిగ్గా అదే చోట కలుక్కుమంటుంది. నేను పుట్టు పిరికిదాన్ని. ఆ సంగతి దాచుకునే వయసు కూడా దాటిపోయింది కాబట్టి చెప్పేస్తున్నాను.

మాకు రెండు ఎడ్లు ఉండేవి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. మా దిక్కు నలుపును కర్రె అంటారు, అందుకే నల్లదాన్ని నేను కర్రోడా అని పిలిచేదాన్ని. పిలిస్తే చెవి ఒక్కటి ఇటు తిప్పేవాడు, తల తిప్పేవాడు కాదు, అంత బడాయి. కొట్టంలో గడ్డి ఒక్క ఎద్దుకే సరిపోయేట్టు మిగిలింది. ఒకదాన్ని అమ్మితే రెండోది బతుకుతుంది, లేకపోతే రెండూ పోతాయి. తెల్లదానికి వయసు మీరింది, దాన్ని ఎవరూ కొనరు. అందుకని కర్రోణ్ణి అమ్మాలని ఇంట్లో అనుకున్నారు. అనుకున్న నాటి నుంచి నేను వాడి దగ్గరికి పోవడం మానేశాను. వాడి కళ్లలోకి చూస్తే నా ముఖంలో సంగతి తెలిసిపోతుందేమో అని నా పిచ్చి భయం.

అంగడిలో ఆ ఏడు కొనేవాళ్లు రెండు రకాలు. బావిలో ఇంకా నాలుగు నీళ్లున్న రైతులు కొందరు. మిగతావాళ్లు పడమటి గట్టున లారీలు ఆపుకొని, కబేళాలో కోతకు తోలడానికి కొనేవాళ్లు. రెండోవాళ్లు కూడా రైతుకోసమే కొంటున్నామని చెప్పేవాళ్లు. మా పక్కింటి పెదనాయిన ముందు వారమే తన జోడెడ్లను అట్లాగే నమ్మి అమ్మాడు. తిరిగొస్తుంటే లారీ మీద నుంచి ఆ ఎడ్ల అరుపు గుర్తుపట్టాడట. ఇంటికి వచ్చి అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు దినాలు ఎవరు పలకరించినా ఇటు తిరగలేదు.

అది చూశాక మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, కర్రోణ్ణి తానే తోలుకొని పోతానంది. బాపు పోలేడు. కాలికి నారికురుపు లేచి, మడమ దగ్గర నుంచి తెల్లదారంలాంటి పురుగు బయటికి వస్తూ ఉంది. దాన్ని పుల్లకు చుట్టుకొని రోజుకింత లాగుతూ మంచంలో ఉన్నాడు. కానీ ఆడది అంగడికి పోతే ఒక చిక్కు ఉంది. పశువుల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. కొనేవాడు ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. పరాయి మగవాడి చేతిలో ఆడది చెయ్యి పెట్టడమనేది ఆ రోజుల్లో లేదు. చిన్నపిల్ల పెడితే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి ఆ చెయ్యి నాదయింది.

మూడు దినాలు అవ్వ నాకు కొంగు కింద వేళ్ల లెక్క నేర్పింది. ఒక్కో వేలికి ఇరవై రూపాయలు. అయిదు వేళ్లకు తక్కువైతే ఒప్పుకోవద్దంది. అది నేర్చుకోవడం కష్టం కాలేదు. ఆ తరవాత ఇంకో మాట చెప్పింది.

“వేళ్లు తర్వాత, ముందుగాల అరచెయ్యి తడుము బిడ్డా. మెత్తగుంటె ఎన్ని వేళ్లు పట్టినా గుంజుకో. కాయలు గాసిన చెయ్యయితె ఆగు.”

అంగడికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అన్ని పశువులను ఒక్క చోట నేనెప్పుడూ చూడలేదు. ఎముకలు లెక్కపెట్టేట్టున్న పశువులు, దుమ్ము, అరుపులు, పడమటి గట్టున వరసగా లారీలు. నేను లారీల వైపు చూడకూడదనుకొని అటే చూశాను. అవ్వ పలుపు పట్టుకొని కర్రోడి పక్కన నిలబడింది. నేను వాడి ముఖం ముందు నిలబడ్డాను. ఇన్ని దినాల తరవాత వాడు నా భుజం మీద ఊపిరి వదిలాడు, వెచ్చగా.

మొదట వచ్చినాయన తెల్లబట్టల మనిషి. బామ్మర్ది సేద్యానికని నవ్వుతూ చెప్పి, నా చేతి మీద తువ్వాల కప్పాడు. అయిదు వేళ్లూ పట్టాడు. వదిలి, మళ్లీ రెండు పట్టాడు. ఏడు! అవ్వ చెప్పినదానికి రెండు ఎక్కువ. బాపు కాలికి మందు, ఇంట్లోకి జొన్నలు, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. కానీ ఆ అరచెయ్యి మా ఇంట్లో పిండి ముద్ద లాగా మెత్తగా ఉంది. నేను చెయ్యి గుంజుకోబోయాను. ఆయన వదలలేదు. నవ్వు అట్లాగే ఉంది, తువ్వాల కింద పట్టు మాత్రం బిగిసింది.

“వచ్చే బేస్తవారానికి గీ ధర గూడ రాదు. అప్పుడేడుస్తవు,” అని నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఎట్లా గుంజానో గాని చెయ్యి బయటికి వచ్చింది, వేళ్లు ఎర్రగా కందిపోయాయి. అవ్వ నా ముఖం చూసి ఆయనతో ‘పో నాయినా’ అంది. ఆ తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. రెండూ మెత్తని చేతులే. పొద్దు వాలుతున్నకొద్దీ రైతులు తగ్గిపోతున్నారు, లారీలు నిండుతున్నాయి. ఏడు వేళ్లు కాదనుకొని మేం పెద్ద తప్పు చేశామేమో అని నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

చివరికి ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. ముందు ఎద్దు కాళ్లు ఎత్తి గిట్టలు చూశాడు, పళ్లు చూశాడు, అప్పుడు గాని చెయ్యి చాచలేదు. తువ్వాల కింద ఆయన అరచెయ్యి తగలగానే నాకు మా బాపు చెయ్యే అనిపించింది. వేళ్ల మొదట్లో వరసగా గట్టి కాయలు. నాలుగు వేళ్లు పట్టాడు. నేను కదల్లేదు. చాలాసేపటికి, నిట్టూర్చి, బొటనవేలు కూడా పట్టాడు. నేను అవ్వ వైపు చూసి తల ఊపాను.

డబ్బు అవ్వ కొంగున ముడి పడింది. పలుపు మేమే ఉంచుకొని ఎద్దును ఆయన తెచ్చుకున్న తాడుకు అప్పగించాం. తన బావి మీద, ఏ పక్కనైనా నడిచే తన ఒంటెద్దుకు జోడుగా, మోటకు కట్టుకుంటానని ఆయన చెప్పాడు. రెండు దినాలు మేపి, శనివారం పొద్దున కడతాడట. అప్పుడు నన్ను అడిగాడు.

“ఏ పక్క కడ్తరు బిడ్డా? దాపటా, ఎలపటా?”

దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి. కోతకు కొనేవాడు ఆ మాట అడగడు. నేను ఆ సంతోషంలో, ఇంకా పోని భయంలో, ఎదురుగా ఉన్న కర్రోణ్ణి చూసి గబుక్కున ఎలపట అని చెప్పేశాను. అవ్వ కొంగు ముడి సరిచూసుకుంటూ ఆ మాట వినలేదు.

మర్నాడు పొద్దున కొట్టం ఊడవడానికి పోయాను. తెల్లెద్దు ఒక్కటే ఉంది. కుడిపక్క, తన చోట నిలబడి ఉంది. ఎడమ పక్క జాగా ఖాళీగా ఉంది. చీపురు చేతిలోనే ఉండిపోయింది. బాపు దున్నుతుంటే నేనెప్పుడూ వెనక నుంచే చూసేదాన్ని, కర్రోడు ఎడమ పక్కే నడిచేవాడు. అంగడిలో వాడి ముఖం ముందు నిలబడి చూసేసరికి కుడి ఎడమలు తారుమారైపోయాయి. వాడు దాపటి ఎద్దు.

మోట అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. తోలు బొక్కెనతో బావిలో నుంచి నీళ్లు తోడడానికి ఎడ్లు ఏటవాలు దారిలో ముందుకు దిగుతాయి. బొక్కెన మళ్లీ బావిలోకి దించడానికి వెనక్కి నడుచుకుంటూ సరిగ్గా బావి ఒడ్డు దాకా రావాలి. ఏళ్ల తరబడి ఒక పక్క నడిచిన ఎద్దును రెండో పక్క కడితే బెదిరి పక్కకు లాగుతుంది. బావి ఒడ్డున పక్కకు లాగితే ఏమవుతుందో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బాపు మంచంలో ఉన్నాడు, అవ్వ నా చేతిని నమ్మి తీసుకుపోయింది, ఏ ముఖం పెట్టుకొని చెప్పను? శుక్రవారం అంతా అవ్వ కంట పడకుండా తిరిగాను. దాని అంతట అదే సర్దుకుంటుందిలే అని వందసార్లు అనుకున్నాను. శనివారం తెల్లవారుతుండగా అవ్వ కల్లాపి చల్లుతుంటే పోయి కాళ్లకు చుట్టుకున్నాను. చెప్పింది సగం, ఏడ్చింది సగం.

కొడుతుందనుకున్నాను. చెంబు కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, నా రెక్క పట్టుకుంది.

“నడువు బిడ్డా, పోదాం.”

ఆ రైతు అంగడిలో చెప్పిన ఊరు అయిదు మైళ్లు. అవ్వ అంత వేగంగా నడవడం అంతకు ముందూ తరవాతా చూడలేదు. కొంత దూరం పరుగెత్తింది కూడా. ప్రతి మలుపులోనూ బావిలో తలకిందులుగా పడిన కర్రోడే నాకు కనిపించాడు. వెనక్కి పారిపోదామని రెండుసార్లు చెయ్యి విడిపించుకోబోయాను. వదల్లేదు. ఆ ఊరి పొలిమేర దాటాక మోట గిలక కిర్రుమంటున్న చప్పుడు వినిపించింది. అప్పటికే కట్టేశాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి, మిగిలిన దూరం అవ్వే ఈడ్చుకుపోయింది.

బావి దగ్గర కర్రోడు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఒడ్డు దాకా వచ్చి ఆగాడు. ఎడమ పక్క ఉన్నాడు. వెనకకాలి మీద చర్మం గీరుకుపోయి, మట్టి అద్ది ఉంది.

అవ్వ నన్ను ముందుకు తోసింది. నేను నేల చూపులు చూస్తూ, తప్పు చెప్పానని ఆ రైతుకు చెప్పాను. ఆయన తాడు వదిలి వచ్చి మా ముందు గొంతుక్కూచున్నాడు.

“నువ్వు జెప్పినట్టె ఎలపట కట్టిన. ఒడ్డు మీదికి రాంగనె పక్కకు గుంజిండు. కాలు జారింది. నా పానం పోయినట్టయింది బిడ్డా. ఎట్లనో ఇప్పిన. ఇప్పంగనె వోయి, తనంత తానె దాపట నిలవడ్డడు.”

అని నవ్వాడు. ఒక్క ఘడియ ముందు వచ్చి ఉంటే ఆ కాలు జారేది కాదు. శుక్రవారమే చెప్పి ఉంటే అవ్వ పరుగెత్తాల్సిన పనే ఉండేది కాదు. ఆయన నన్ను తిట్టలేదు. మోట నీళ్లు దోసిట్లో పోసి తాగమన్నాడు. కర్రోడా అని పిలిచాను. చెవి ఒక్కటి ఇటు తిప్పాడు.

తిరిగొస్తుంటే, నీకు భయం కాలేదా అని అవ్వను అడిగాను. అంగడికి పోయిన కాడి నుంచి తనకు కాళ్లల్లో వణుకు తగ్గనే లేదంది. మెత్తని చెయ్యి, గట్టి చెయ్యి అని తాను చెప్పింది సరైనదో కాదో కూడా తనకు తెలియదంది.

“భయమైతె అయితది. కూసుంటె మీద గూసుంటది. నడుస్తె ఎనకనే నడుస్తది. గంతే.”

పోయిన చలికాలం కోళ్లకు ఏదో రోగం వస్తున్నదని పుకారు పుట్టి, వారం వారం ధరలు పడ్డాయి. ఇంకా పడతాయన్న భయంతో మా అబ్బాయి సగం షెడ్డు కోళ్లను పక్క మండలంలో కోడికూర అమ్మే ఒక దుకాణం ఆయనకు అమ్మి, బండి ఎక్కించాడు. బండి పోయిన గంటకు, వాడు పని మీద బయటికి వెళ్లాక, పద్నాలుగేళ్ల నా మనవరాలు వచ్చి నా మంచం పట్టె పట్టుకొని నిలబడింది. పొద్దున షెడ్డు మూలలో మూడు కోళ్లు చచ్చిపడి ఉన్నాయట. నాయినకు చెబితే బేరం చెడి తిడతాడని భయపడి, తీసుకుపోయి వెనక పాతిపెట్టిందట. ఆ పిల్ల ముఖంలో నాకు తొమ్మిదేళ్లప్పటి నా ముఖమే కనిపించింది. ఆ దుకాణం ఆయనకు ఫోన్ చేశాం, ఎత్తలేదు. మా అబ్బాయీ ఎత్తలేదు. ఆ కోళ్లను కోయకముందే పోయి చెప్పాలని రోడ్డు మీద ఆటో ఆపాను.

సగం దూరం పోయాక ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి వచ్చింది. చెమటతో తడిసి ఉంది. నాది కూడా.

“భయమైతాంది అవ్వా. నీకూ అయితాందా?” అని అడిగింది.

అయితాంది అన్నాను. ఆటో అబ్బాయిని జర తొందరగా పొమ్మన్నాను.