ఎవరూ తొక్కని ఎడమ మూల

మొన్న సాయంత్రం మా మునిమనవడు బాస్కెట్‌బాల్ ఆడి వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా, "అవ్వా, ఆ రెఫరీకి కండ్లుండాయా? వాండ్లు తోసినా ఊదడు, మేము తాకకపోయినా విజిలే! ఇంక ఆట యాడ ఆడేది?" అని మండిపడ్డాడు. కలుపుతున్న మజ్జిగను గ్లాసులో పోసి వాడి ముందు పెట్టాను. తాకకపోయినా మోగే విజిల్ నేనూ విన్నాను మరి.

పందొమ్మిదివందల నలభైల మొదట్లో మాట, నాకు పదేళ్లుండవచ్చు. మా ఇళ్లలో ఆడపిల్లలను బడికి పంపే వాడుక లేదు గనుక అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకుని, సాయంత్రాలు మిద్దెమీద పిట్టగోడ చాటు నుంచి, పత్తి గిడ్డంగి పక్కనున్న మా మట్టినేలలో కుర్రవాళ్లు ఆడే ఈ బాస్కెట్‌బాల్ ఆటే చూడటం నాకు దేవుడిచ్చిన భాగ్యం. మా వీధికీ పక్కవీధికీ పోటీ. ఒకరి రెఫరీని మరొకరు ఒప్పరు. చివరికి ఎవరూ ఎదురు చెప్పలేని పెద్దవాడని మా చిన్నతాత చేతికి విజిల్ ఇచ్చారు. మనవాళ్ల మర్యాద మీకు తెలియనిదా! ఆయనకు ఆట తెలుసా అని ఎవరూ అడగలేదు, కొడుకు పోయి ఏడాదైనా కాలేదని తలచుకోనూ లేదు. విషజ్వరంతో పోయిన ఆ కొడుకు, నాకు బాబాయి, గిడ్డంగి గోడవైపు ఎడమ మూలలో నిలబడే ఎప్పుడూ బంతి వేసేవాడు.

నేల నడిమధ్య పిల్లలు ఒకరిమీద ఒకరు పడ్డా తాత ఊదేవాడు కాదు. బంతి ఆ మూలకు వెళ్లిందంటే మాత్రం, ఎవరి చేయీ ఎవరికీ తగలకపోయినా విజిల్ మోగేది. రానురాను రెండు జట్లూ అటు పోవడమే మానేసి, మిగిలిన నేలలో పదిమందీ ఇరుక్కుని, సగం అడుగు వేసి విజిల్ కోసం చెవులు రిక్కించి ఆగేవారు. అది ఆటలాగే ఉండేది కాదు. వానల తర్వాత నేల అంచులంతా గడ్డి మొలిచినా, ఎవరూ తొక్కని ఆ మూలలో ఒక్క పరకైనా రాలేదు. మట్టి రోజూ తొక్కినట్టే గట్టిగా ఉండేది.

"మీ తాత మిమ్మల్ని గెలిపించేదానికే ఊదేది" అని పక్కవీధివాళ్లు ఒకనాడు రాళ్లు పట్టారు. "ఇంకొక్క రచ్చ జరిగితే ఆ వలలు కట్టిన కంబాలు పీకించి ఆడ పత్తి ఆరబోయిస్తా" అన్నారు నాన్న. మా వీధి జట్టులో ఆడే మా అన్నకు ఆ ఆటే ఊపిరి. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మరునాడు దీపాలు పెట్టేముందు, అన్న బంతి తీసుకుని నేరుగా ఆ మూలకే వెళ్లి నిలబడ్డాడు. అందరూ కొయ్యబారిపోయారు. తాత విజిల్ నోట పెట్టుకున్నాడు, బుగ్గలు పొంగాయి, చప్పుడు రాలేదు. నేను రామనామం పట్టుకున్నాను. తాత మెల్లగా నడిచివచ్చి, అన్నను కాక అన్న ఎడమ భుజం పక్కనున్న ఖాళీని చూస్తూ, మిద్దెమీదికి వినబడేటంత నిశ్శబ్దంలో, "కొంచెం జరుగు నాయనా, వాణ్ణి ఆడనీ" అన్నాడు.

అన్న కదలలేదు. వేసిన బంతి వలలో పడింది. ఆనాటి నుంచి తాత విజిల్ ఇరువైపులా ఒకటే అయింది, కంబాలు నిలిచాయి, మరుసటి వానలకు ఆ మూలలో గడ్డి మొలిచింది. ఎన్నో ఏళ్లకు అన్న నాతో ఒక్కసారే అన్నాడు: "భుజానికి చల్లగా తగిలింది పాపా, ఎవరో ఒదిగినట్టు."

ఇప్పుడక్కడ సిమెంటు నేల, గడ్డి మొలిచే వీలే లేదు. తాతా లేడు, అన్నా లేడు. ఆ మూలను చూసి తడబడే కాలు ఒక్కటీ లేదు. మునిమనవడి బంతి అటు వెళ్లినప్పుడల్లా మిద్దెమీద నా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. ఎవరో జరిగి ఇచ్చిన చోటులోనే గదా మన పిల్లలు ఆడుకుంటున్నది.