మోతకర్ర మీది గాడి

బండరాళ్లు మోసేటప్పుడు అన్న ముందు, తమ్ముడు వెనక. ఇద్దరి భుజాల మీద ఒకే కర్ర, దానికి తాడుతో వేలాడే రాయి. తాడు కట్టే పని తమ్ముడిది. వెనక నుంచి రొప్పు వినిపిస్తే అన్నకు ఒళ్లు మండేది.

"పదేళ్లు చిన్నోడివి, సగం బరువుకే ఆయాసమేంట్రా?"

తమ్ముడు నవ్వి, తర్వాతి రాయికి తాడు కట్టేవాడు.

తమ్ముడు జ్వరంతో పోయాక, కొత్త జతగాడు తాడును అదే కర్రకు నడిమధ్యన కట్టాడు. ఎత్తగానే అన్న భుజం కుంగింది.

"ఇంత పెద్ద రాయా?"

"రోజూ మోసేదే, పెద్దాయనా. అవునూ, తాడు ఒరిసిన గాడి మధ్యలో లేదేంటి? వెనకవాడి భుజం దగ్గరుంది. తాడు ఎటుంటే బరువు అటే కదా?"

అన్న గాడిని తడిమాడు. లోతుగా ఉంది. 'సగం బరువు' అని గొణుక్కుంటూ, కర్ర వెనక తమ్ముడు నిలబడే చోటికి నడిచాడు.