లోకేశ్వరక్క విన్న గొంతులు

లోకేశ్వరక్కది చిత్తూరు జిల్లా ఐరాల పక్కన పల్లె. నాయన మునివెంకటప్ప చెరకు రైతు. అక్క తిరుపతిలో ఎమ్మే తెలుగు చదివింది. టీచరు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. ఇక చాలనుకుని, ముప్ఫయ్యో ఏట రేణిగుంట రోడ్డులో ఉన్న మా ఆఫీసులో చేరింది. ఆ తర్వాతి ఏడాది నేను చేరాను. నాకు పని నేర్పింది ఆమే.

మాకు జీతమిచ్చేది ఒక చిన్న కాంట్రాక్టు సంస్థ. పని మాత్రం ఫోన్లకు మాటలు నేర్పే ఒక పెద్ద విదేశీ కంపెనీది. జనం ఫోనుతో తెలుగులో మాట్లాడిన ముక్కలు హెడ్‌ఫోన్లలో వస్తాయి. విని, టైపు చెయ్యాలి. అది చూసి యంత్రం నేర్చుకుంటుంది.

ఒకరోజు ఎవరో ముసలాయన గొంతు. "వాన యాడికి పొయ్యిందో సెప్పు" అని అడుగుతున్నాడు. రూలు ప్రకారం పుస్తకాల తెలుగులో లేని మాట వస్తే 'అర్థం కాలేదు' అని నొక్కెయ్యాలి. నేను నొక్కబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నీకు అర్థం కాలేదా?"

"అయిందక్కా."

"మరి అబద్ధం ఎందుకు నొక్కతా ఉండావు?"

ఆ వారమే అక్క, హైదరాబాదులో ఉండే మా పైఅధికారి అమల గారికి నాలుగు పేజీల ఉత్తరం పంపింది. మా చిత్తూరు వాళ్ళు, కడప వాళ్ళు మాట్లాడేది కూడా తెలుగేనని, ఉదాహరణలతో. రెండు నెలలు జవాబు లేదు. తర్వాత అక్కనే ఆ మాటల జాబితా తయారు చెయ్యమన్నారు. ఏడువందల పైచిలుకు మాటలు రాసింది. సెలవులకు ఊరికి పోయి, బెల్లం గానుగ దగ్గర కూర్చుని మరీ విని రాసుకొచ్చింది. ఆమెను టీమ్ లీడర్ని చేసి, ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ రోజు మునివెంకటప్పను ఆఫీసుకు పిలిపించింది. ఆయన చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచి వచ్చి, మా కుర్చీలను చూసి, "నిలబడే పని లేదు గదమ్మా, అది సాలు" అన్నాడు. అక్క అంత నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఏడాది తిరిగేసరికి పని తీరు మారింది. యంత్రమే ముందు రాసేస్తుంది, మేము విని టిక్కు పెట్టాలి. తప్పులు తగ్గిపోయాయి. తప్పులు తగ్గేకొద్దీ గంటకు చూడాల్సిన ముక్కల సంఖ్య పెంచుతూ పోయారు. అక్క ఒక్కో ముక్కను మూడుసార్లు వినేది. ముసలివాళ్ళ గొంతయితే ఇంకా ఎక్కువ. నేను సగం విని టిక్కు పెట్టేదాన్ని. అప్పటికే ఆమె కుడి చెవిలో ఈల వేసినట్టు మోత మొదలైంది. హెడ్‌ఫోన్లు మానమన్నాడు డాక్టరు. మానితే ఉద్యోగం ఏముంది? ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది.

ఒక గురువారం పొద్దున పదిన్నరకు అందరినీ వీడియో మీటింగుకు పిలిచారు. అమల గారు కాగితం చూసి చదివారు. "తెలుగు ప్రాజెక్టు పూర్తయింది. యంత్రం మీ స్థాయికి చేరుకుంది. మీరందరూ గర్వపడాలి." నలభై ఒక్క మందిలో ఇద్దరిని వేరే పనికి ఉంచుతున్నారు. అందులో నా పేరుంది. గంటకు ఎన్ని ముక్కలు చేశారన్నదే లెక్క. ఎవరు సరిగ్గా విన్నారో చెప్పే గడి ఆ లెక్కలో లేదు.

"మేడం, నేను రాసిన జాబితా కాపీ ఒకటి తీసుకోవచ్చా?" అని అడిగింది అక్క.

"అది కంపెనీది, లోకేశ్వరి గారూ."

మధ్యాహ్నానికి కంప్యూటర్లు ఆగిపోయాయి. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం ప్రకారం ఆ పెద్ద కంపెనీ పేరు బయట చెప్పకూడదు. అనుభవ పత్రంలో 'డేటా ఎంట్రీ' అని రాసిచ్చారు. ఆ పత్రం పట్టుకుని అక్క ఉద్యోగం కోసం చెన్నై, బెంగళూరు తిరిగింది. కోడింగు వచ్చా అని అడిగి పంపేశారు. మళ్ళీ టీచరు పరీక్ష రాసింది. చెవిలో మోతకు ప్రశ్న పూర్తిగా చదవలేకపోయానంది. ఆ తర్వాత నా ఫోన్లు ఎత్తడం మానేసింది.

మొన్న ఆగస్టులో, ఆమె చిత్తూరులో పని చేస్తోందని తెలిసింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో టోకెన్ల కౌంటరు. నేను వెళ్ళింది క్షమించమని అడగడానికే. ఆమె ఎడమ చెవి నా వైపు తిప్పింది.

"అక్కా, ఆ రోజు నా పేరు..."

"నువ్వు బిరిన చేసేదానివి. నేను నిదానం. దాంట్లో ఏముండాది, వదిలెయ్" అంది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది.

జూన్‌లో నా పని కూడా పోయిందని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, ఓదార్చలేదు. ఎదురుగా నిలబడ్డ పెద్దావిడకు చీటీ రాసిచ్చి నన్ను అడిగింది.

"ఈడ సాయంత్రం డ్యూటీకి ఇంకొకరు కావాలంటా ఉండారు. అడగమంటావా?"

"అడుగక్కా."

లోపలికి పోయి వచ్చింది. "నిన్ననే ఎవర్నో పెట్టుకున్నారంట" అంది.

బయట బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. తిరుపతి బస్సుకు ఇంకా టైముంది. ఎక్కడికి తొందరగా పోవాలో నాకు తెలియలేదు.