అన్ని అక్షరాలూ పలికించిన పంతులమ్మ

మొన్న పొద్దున మా మనవరాలు వరండాలో కాళ్లూపుకుంటూ ఇంటర్ ఫ్రెంచి క్రియలు వల్లె వేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. 'వాళ్లు మాట్లాడతారు' అనడానికి 'ఇల్ పార్ల్' అంటే సరిపోయేదానికి, చివర పలకకూడని అక్షరాలన్నీ కలిపి 'ఇల్స్ పార్లెంట్' అని వీధంతా వినిపించేలా చదువుతోంది. అలా కాదే అని కసిరితే, "ఎలా పలికితే ఏంటమ్మమ్మా, పరీక్ష రాతదేగా" అని మళ్లీ మొదలుపెట్టింది.

నాకు ఫ్రెంచి నేర్పింది మా పిన్ని. క్రైస్తవ మఠంలో చేరి పుదుచ్చేరిలో చదువుకున్న ఆవిడ, వేసవిలో నూజివీడు వచ్చినప్పుడల్లా, గడ్డి పరిచిన గంపల్లో మామిడికాయలు సర్దుతూనే పాఠం చెప్పేది. మాటను పలికే ముక్కలుగా విడదీసి ముక్కకో కాయ పెట్టమనేది. 'మేం మాట్లాడతాం' అనే 'నూ పార్లోఁ'కి మూడు, 'ఇల్ పార్ల్'కి రెండే. రాతలో ఎంత తోక ఉన్నా సరే, మూడో కాయ ముట్టుకుంటే చేతి మీద ఒకటి పడేది.

ఆ చదువుతోనే మా ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది. మార్కులు బాగా పడతాయని తెలుగు వదిలేసి ఫ్రెంచి తీసుకున్న పిల్లలకు, పిన్ని నేర్పినట్టే బల్ల మీద దరువు వేస్తూ పలకడం నేర్పాను. నెల తిరక్కుండానే ప్రిన్సిపాల్ గారు పిలిచి, "వీళ్లేమన్నా ఫ్రెంచోళ్లతో మాట్లాడాలా ఏంటమ్మా? రాతలో అక్షరం పోకూడదు, అన్నీ పలికించండి" అన్నారు. భాష నేర్పమని జీతమిచ్చి, నోరు మూయించే పెద్దమనిషిని అక్కడే చూశాను. అయినా ఉద్యోగం పోతుందని భయపడి, పలకని అక్షరాలను కూడా తెలుగు లిపిలో రాసి మరీ వల్లె వేయించాను.

ఒకరోజు పిన్ని హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి నన్ను చూడడానికి నేరుగా కాలేజీకే వచ్చింది. పిల్లలు లేచి నిలబడి, ఒక్క అక్షరం పోకుండా, ఒకే గొంతుతో అప్పజెప్పారు. ఆవిడ పిల్లల తలలు నిమిరి వెళ్లిపోయింది. అప్పటిదాకా నాకు ఫ్రెంచిలో వచ్చే ఆవిడ ఉత్తరాలు ఆ తరువాత తెలుగులోనే వచ్చాయి.

ఇప్పుడు ఫోను నొక్కితే ఏ మాటైనా సరిగ్గా పలికి వినిపిస్తుంది, దానికి ఏ ప్రిన్సిపాలూ అడ్డురాడు. వినే ఓపిక మాత్రం మా మనవరాలికి లేదు. ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో ఆ పెద్దమనిషి ముందు చూపించాల్సిన కోపాన్ని, ఇన్నేళ్లు దాచుకుని పదహారేళ్ల పిల్ల మీద చూపిస్తున్నాను.